నగర కౌన్సిల్‌తో ప్రపంచ శాంతి తీర్మానం చేయించాలంటే ఎట్లా? (తిరుపతి, చిత్తూరు)

కోర్లగుంట_చదువరి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. తిరుపతిలో కొందరు రిటైర్డ్ టీచర్లు, యూనివర్సిటీ విద్యార్థులు కలిసి ఒక పని తలపెట్టాం. హిరోషిమా మేయర్ అధ్యక్షతన నడిచే నగరాల అంతర్జాతీయ సంఘం మేయర్స్ ఫర్ పీస్‌లో మన నగరం సభ్యత్వం తీసుకోవాలి. అణ్వాయుధాలు వద్దని, దేశాల మధ్య సహకారం కావాలని మన కార్పొరేషన్ కౌన్సిల్ ఒక తీర్మానం చేయాలి. చిత్తూరు కార్పొరేషన్‌లోనూ, వీలైతే ఒకటి రెండు గ్రామ పంచాయతీల్లోనూ ఇదే అడగాలని ఉంది.

ఎవరిని కదిపినా ఒకే మాట వినబడుతోంది: "విదేశాంగం ఢిల్లీ వాళ్ల పని, కాలవలు తీయించే కార్పొరేషన్‌కి దాంతో ఏం సంబంధం?" దీనికి చట్టపరంగా గట్టి జవాబు కావాలి. అర్జీ ఎవరికివ్వాలి, తీర్మానంలో ఏం రాయాలి, ఏం రాయకూడదు, డబ్బు విషయంలో ఎక్కడ చిక్కులొస్తాయి? హిరోషిమాతోనో నాగసాకితోనో సోదర నగర ఒప్పందం కూడా ఒకేసారి అడగమని కొందరంటున్నారు. అది మంచిదేనా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

అధికరణం51

సంబంధం ఉంది. అది రాజ్యాంగంలోనే ఉంది.

51వ అధికరణం చదవండి. అంతర్జాతీయ శాంతిభద్రతలను పెంపొందించడానికి, దేశాల మధ్య న్యాయమైన, గౌరవప్రదమైన సంబంధాలు నిలపడానికి, అంతర్జాతీయ చట్టం మీద గౌరవం పెంచడానికి, తగాదాలు మధ్యవర్తిత్వంతో తీరేలా ప్రోత్సహించడానికి "రాజ్యం" కృషి చేయాలని అందులో ఉంది. ఇక్కడ రాజ్యం అంటే ఒక్క కేంద్ర ప్రభుత్వమే అనుకుంటారు చాలామంది. ఆదేశిక సూత్రాలున్న నాలుగో భాగంలో రాజ్యం అన్న మాటకు మూడో భాగంలోని అర్థమే వర్తిస్తుందని 36వ అధికరణం చెబుతుంది. ఆ అర్థం 12వ అధికరణంలో ఉంది, అందులో స్థానిక సంస్థలు కూడా చేరి ఉన్నాయి. అంటే మునిసిపాలిటీకీ పంచాయతీకీ కూడా 51 వర్తిస్తుంది. మీ అర్జీ మొదటి పేరాలో ఈ మూడు అంకెలూ వరసగా పెట్టండి: 51, 36, 12. కమిషనర్ ఆఫీసులో ఫైలు చూసే ఉద్యోగికి కావలసింది ఇదే.

అయితే హద్దు కూడా తెలిసి ఉండాలి. ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలో 10వ అంశం విదేశీ వ్యవహారాలు, 14వ అంశం విదేశాలతో సంధులు, ఒప్పందాలు. ఇవి కేంద్రానివే. పన్నెండో షెడ్యూలులో మునిసిపాలిటీలకు చెప్పిన 18 పనుల్లో అంతర్జాతీయ సహకారం లేదు. కాబట్టి కౌన్సిల్ తన అభిప్రాయం చెప్పవచ్చు, కేంద్రాన్ని కోరవచ్చు, తన బడుల్లో, పార్కుల్లో కార్యక్రమం పెట్టుకోవచ్చు. విదేశీ ప్రభుత్వంతో తనంతట తాను ఒప్పందం మాత్రం చేసుకోలేదు. పరిధి దాటిన తీర్మానాన్ని నిలిపేయడానికి, రద్దు చేయడానికి రాష్ట్ర ప్రభుత్వానికి మునిసిపల్ చట్టంలో అధికారం ఉంది. ఆ అవకాశం ఇవ్వకుండా రాయడమే నేర్పు.

ఇక పదాల సంగతి. అణ్వాయుధ నిషేధ ఒప్పందం 2017 జూలై 7న ఐక్యరాజ్యసమితిలో ఆమోదం పొంది, 2021 జనవరి 22 నుంచి అమల్లో ఉంది. భారత్ ఆ చర్చల్లో పాల్గొనలేదు, ఒప్పందంలో చేరలేదు. "మన దేశం దీనిమీద వెంటనే సంతకం చేయాలి" అని తీర్మానంలో రాస్తే, కేంద్రాన్ని సమర్థించే పార్టీల కార్పొరేటర్లు లేచి నిలబడతారు, చర్చ అక్కడే తెగిపోతుంది. అదే సమయంలో, అందరికీ వర్తించే, వివక్ష లేని, తనిఖీకి వీలైన అణు నిరాయుధీకరణ కావాలన్నది మన దేశం ఏళ్ల తరబడి చెబుతున్న మాటే. 1988లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక సమావేశంలో రాజీవ్ గాంధీ పెట్టిన కార్యాచరణ పథకం ఆ దారిలోదే. అణ్వాయుధం ముందుగా వాడబోమన్న విధానాన్ని 2003లో వాజ్‌పేయి ప్రభుత్వం అధికారికంగా ప్రకటించింది. ఒకటి కాంగ్రెస్ ప్రభుత్వానిది, ఇంకొకటి బీజేపీ ప్రభుత్వానిది. రెండూ తీర్మానంలో పేర్కొంటే కాదనడానికి ఏ పార్టీకీ కారణం దొరకదు.

కౌన్సిల్_అజెండా

పైన చట్టం చెప్పారు, నేను ఫైలు నడిచే దారి చెబుతాను.

మేయర్‌కి దండ వేసి వినతిపత్రం ఇచ్చి ఫొటో దిగితే ఏమీ జరగదు. ఆ కాగితం ఇన్‌వార్డు నంబరు పడకుండానే పక్కకు పోతుంది. చేయాల్సింది ఇది. ముందు ఒక కార్పొరేటర్‌ను ప్రతిపాదకుడిగా, వేరే పార్టీ కార్పొరేటర్‌ను బలపరిచేవాడిగా ఒప్పించండి. ఇద్దరూ ఒకే పార్టీ వాళ్లయితే సగం బలం పోయినట్టే. వాళ్లిద్దరి సంతకాలతో తీర్మానం ముసాయిదాను కౌన్సిల్ సెక్షన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోవాలి. సమావేశం తేదీ ఖరారు కాకముందే ఇవ్వండి. అజెండా అచ్చయ్యాక ఇస్తే టేబుల్ అజెండాగా, అంటే సమావేశంలో అప్పటికప్పుడు చేర్చే అంశంగా, పెడతామంటారు, అక్కడే చెడుతుంది. టేబుల్ అజెండా అంశాలు సమావేశం చివర్లో, సగం మంది లేచిపోయాక, అరుపుల మధ్య చదువుతారు. ప్రతిపక్షం టేబుల్ అజెండా మొత్తాన్నీ వ్యతిరేకిస్తే మీ శాంతి తీర్మానం కూడా ఆ గుంపులోనే కొట్టుకుపోతుంది.

తీర్మానం నాలుగు వాక్యాలు మించవద్దు. నమూనా ఇస్తున్నా, మార్చుకోండి:

"భారత రాజ్యాంగం 51వ అధికరణం స్ఫూర్తితో ప్రపంచ శాంతిని, దేశాల మధ్య సహకారాన్ని ఈ కౌన్సిల్ సమర్థిస్తున్నది. అందరికీ వర్తించే, వివక్ష లేని, తనిఖీకి వీలైన అణు నిరాయుధీకరణ జరగాలన్న భారత ప్రభుత్వ వైఖరిని బలపరుస్తున్నది. మేయర్స్ ఫర్ పీస్‌లో నగరం సభ్యత్వం తీసుకోవడానికి, నమోదు పత్రంపై మేయర్ సంతకం చేయడానికి అనుమతిస్తున్నది. ఏటా ఆగస్టు 6న నగరపాలక పాఠశాలల్లో శాంతి దినం జరపడానికి, అందుకయ్యే ఖర్చును, సభ్యత్వ రుసుమును సాధారణ నిధుల నుంచి చెల్లించడానికి ఆమోదిస్తున్నది."

ఇందులో అన్నిటికన్నా ముఖ్యం చివరి వాక్యం. మొదటి మూడు వాక్యాలతో ఆపేస్తే అది మినిట్స్ పుస్తకంలో నిద్రపోతుంది. కార్పొరేషన్ తానే చేయాల్సిన పని ఒకటి, దానికి పద్దు ఒకటి ఉంటేనే మరుసటి ఏడాది కూడా ఎవరో ఒకరు ఫైలు తెరుస్తారు. ఆ రుసుము ఏడాదికి 2,000 యెన్లు, 2015 నుంచి అడుగుతున్నారు. చిన్న మొత్తమే, కానీ విదేశానికి వెళ్లే డబ్బు. కౌన్సిల్ ఆమోదం లేకుండా చెల్లిస్తే లోకల్ ఫండ్ ఆడిట్‌లో అభ్యంతరం రాస్తారు. ఆ భయంతో అకౌంట్స్ సెక్షన్ బిల్లు కదపదు.

యుద్ధం చేస్తున్న ఏ దేశం పేరూ తీర్మానంలో రాయకండి. పేరు రాసిన క్షణం నుంచి చర్చ ఆ దేశం మంచిదా చెడ్డదా అన్నదాని మీదికి పోతుంది. అక్కడ ఏకాభిప్రాయం కుదిరే ప్రసక్తే లేదు.

నమోదు పత్రంలో సంప్రదింపు మెయిల్ దగ్గర కమిషనర్ సొంత మెయిల్, మేయర్ పీఏ మెయిల్ ఇవ్వవద్దు. బదిలీ అయితే హిరోషిమా సచివాలయం పంపే ఉత్తరాలు ఎవరికీ చేరవు. హోదా పేరుతో ఉన్న ఆఫీసు మెయిలే ఇవ్వండి, తోడుగా కౌన్సిల్ సెక్షన్ మెయిల్ ఇంకొకటి.

మరొకటి. తిరుపతి 2007లో కార్పొరేషన్ అయ్యింది, తొలి ఎన్నికలు 2021లో జరిగాయి. మధ్యలో అన్నేళ్లూ ప్రత్యేకాధికారి పాలనే. ఎన్నికైన కౌన్సిల్ లేని కాలంలో ప్రత్యేకాధికారి సంతకంతో ఈ పని చేయించుకోవద్దని నా గట్టి అభిప్రాయం. అధికారం ఆయనకు ఉంటుంది, కాదనను. కానీ ప్రజలు ఎన్నుకున్నవాళ్లు చెప్పిన మాట అన్నదే ఈ తీర్మానానికి ఉన్న ఏకైక బలం. పాలకవర్గం లేకపోతే వచ్చేదాకా ఆగి, ఆలోగా అభ్యర్థుల చేత హామీ తీసుకోవడం మేలు. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు మాత్రం అర్జీ పట్టుకుని ఆఫీసుకు వెళ్లకండి, తీసుకోరు.

కోర్లగుంట_చదువరి

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండీ. 36, 12 సంగతి మాకు తెలియదు, ఇది పెద్ద సాయం. ఇప్పుడు కార్పొరేటర్లను ఒప్పించడం ఎట్లా అన్నది చెప్పండి. "మా డివిజన్‌కి ఏం లాభం" అని మొహాన్నే అడుగుతున్నారు.

గ్రీమ్స్‌పేట

ఆ ప్రశ్న తప్పేం కాదన్నా, దానికి మన జిల్లాల్లోనే జవాబు ఉండాది. ప్రపంచం, మానవాళి అని మొదలుపెడితే వినరు. మామిడికాయ కాడ మొదలుపెట్టండి.

చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి కాయంతా గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. ఆ గుజ్జు డ్రమ్ముల్లో గల్ఫ్‌కీ యూరప్‌కీ ఓడల్లో పోవాల. 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలైనాక యూరప్ పోయే ఓడలు చాలావరకు ఆఫ్రికా కొన చుట్టి తిరిగి పోవాల్సొచ్చింది. రోజులు పెరిగినాయి, కంటైనర్ కిరాయి పెరిగింది. పోయిన ఏటి సరుకు గోడౌన్‌లో మిగిలితే ఫ్యాక్టరీ వాడు ఈ ఏడు కాయకు రేటు కోస్తాడు. గుజ్జు రేటుకు ఇదొక్కటే కారణం కాదు గానీ, ఇదీ ఒక కారణమే. మామిడి రైతు కుటుంబాల నుంచి వచ్చిన కార్పొరేటర్లు చిత్తూరులో ఉంటారు. వాళ్లకు ఇంక వేరే చెప్పబల్లే.

రెండోది కువైట్. కడప, రాయచోటి, మన పీలేరు వైపు నుంచి ఎంతమంది పోయినారో అందరికీ తెలుసు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌లోకి చొరబడినప్పుడు లక్షన్నరకు పైగా భారతీయుల్ని విమానాల్లో తీసుకొచ్చినారు. అమ్మాన్ దాకా బస్సుల్లో వచ్చి, అక్కడ విమానం ఎక్కినారు. జోర్డాన్ దారి ఇయ్యకుంటే, దేశాలు మాట్లాడుకోకుంటే అది జరిగే పని కాదు.

తిరుపతిలో అయితే శ్రీహరికోట చెప్పండి. 2022 నుంచి అది తిరుపతి జిల్లాలోనే ఉండాది. 2017 ఫిబ్రవరి 15న పీఎస్‌ఎల్‌వీ ఒకేసారి 104 ఉపగ్రహాలు మోసుకుపోతే అందులో 101 వేరే దేశాలవి. 2025 జూలై 30న నాసా, ఇస్రో కలిసి చేసిన నిసార్ ఉపగ్రహం ఇక్కడినుంచే ఎగిరింది. శ్రీసిటీలో జపాన్ కంపెనీలు ఎన్నో ఉండాయి, ఇసుజు బండ్లు అక్కడే తయారవుతాయి. హిరోషిమా పేరు ఎత్తగానే "మనకూ వాళ్లకూ ఏం" అన్న మాటకు ఇదే సమాధానం.

ఇంకొకటి నాకు అన్నిటికంటే ఇష్టం, ఎర్రచందనం. శేషాచలం కొండల చుట్టూ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు. కొట్టేది ఇక్కడ, అమ్మేది వేరే దేశంలో. అంతరించే జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్‌లో, దాని రెండో అనుబంధంలో 1995 నుంచి ఈ చెట్టు ఉండబట్టే పరాయి దేశం రేవులో కూడా అనుమతి పత్రం లేని దుంగను ఆపొచ్చు. మన అడవి గార్డు చేయి అంత దూరం పోదు కదా. దేశాల మధ్య సహకారం తిరుపతికి ఏం చేసిందని అడిగితే కపిలతీర్థం పైన కొండ చూపించండి చాలు.

కార్పొరేటర్‌కి ఇచ్చే కాగితం ఒక పేజీ, తెలుగులో, పెద్ద అక్షరాల్లో. ఇంగ్లీషు బ్రోచర్లు ఇస్తే చదవరు. పది మంది గుంపుగా పోకుండా ఇద్దరే పోండి, ఒకరు ఆ డివిజన్ ఓటరు అయి ఉండాల.

హిదాన్‌క్యో_అభిమాని

అధికరణం51 గారితో ఒక విషయంలో విభేదిస్తాను. నిషేధ ఒప్పందం పేరే ఎత్తవద్దంటే ఈ పని సగమే అవుతుంది. ఆ ఒప్పందం కోసం పనిచేసిన సంస్థల కూటమి ఐకాన్‌కు 2017లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 2018 నుంచి వాళ్లు నగరాల పిలుపు అని నడుపుతున్నారు: తమ దేశం ఒప్పందంలో చేరాలని నగరాలే అడగడం. లాస్ ఏంజిలిస్, వాషింగ్టన్, పారిస్, మాంచెస్టర్ అన్నీ అందులో ఉన్నాయి. అవన్నీ అణ్వాయుధాలున్న దేశాల నగరాలే, వాళ్ల ప్రభుత్వాలూ ఒప్పందానికి వ్యతిరేకమే. అయినా చెప్పారు. మాంచెస్టర్ కౌన్సిల్ అయితే 1980లోనే తమది అణ్వాయుధ రహిత నగరమని ప్రకటించింది. 1982 మార్చిలో అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని 150కి పైగా చిన్న ఊళ్లు తమ వార్షిక సభల్లో అణ్వాయుధాల పెంపు ఆపమని ఓటు వేశాయి. ఊరి సభ ఓటుకు ఏం విలువ అన్న ప్రశ్న అప్పుడూ వచ్చింది. అదే ఏడాది ఆ డిమాండు అమెరికా అంతటా పాకింది.

2024లో నోబెల్ శాంతి బహుమతి పొందిన నిహోన్ హిదాన్‌క్యోలో ఉన్నవాళ్లు అణుబాంబు దెబ్బ తిని బతికినవాళ్లు. వాళ్ల వయసు పైబడిపోతోంది. ఇంకెంత కాలం మెత్తగా రాద్దాం?

అధికరణం51

మీ ఆవేదన న్యాయమే. నేను వద్దనడం లేదు, ఒకే కాగితంలో కలపవద్దంటున్నాను. మేయర్స్ ఫర్ పీస్ సభ్యత్వానికి నిషేధ ఒప్పందం మీద తీర్మానం చేసి ఉండాలన్న షరతు లేదు. 1982 జూన్‌లో హిరోషిమా మేయర్ అరాకి తకేషి ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించింది నగరాల సంఘీభావాన్ని. అందుకే వేర్వేరు రాజకీయాలున్న 8,000కు పైగా నగరాలు అందులో ఇమిడాయి. ముందు అందరి ఓట్లతో సభ్యత్వం రానివ్వండి. ఆ తర్వాత ఒప్పందం గురించి విడిగా, "చర్చించాలని కేంద్రాన్ని కోరుతున్నది" అన్న రూపంలో రెండో తీర్మానం పెట్టండి. మొదటిదే ఓడిపోతే రెండోదాన్ని ఎవరూ తలకెత్తుకోరు.

ఎంపీ ద్వారా పార్లమెంటులో ప్రశ్న వేయించడం ఇంకో దారి, దీన్ని జనం వాడుకోవడం లేదు. లోక్‌సభలో ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ప్రశ్న 150 పదాలు మించకూడదు. నక్షత్రం లేని ప్రశ్న వేస్తే రాతపూర్వక జవాబు వస్తుంది. నిరాయుధీకరణ మీద ప్రస్తుత ప్రభుత్వ వైఖరి ఆ జవాబులో అధికారిక వాక్యంగా దొరుకుతుంది. అదే వాక్యాన్ని మీ తీర్మానంలో ఎత్తి రాయవచ్చు. ప్రశ్న కాకుండా లోక్‌సభ 377 నిబంధన కింద ప్రస్తావన అయితే 250 పదాలు. ప్రశ్న ముసాయిదా మీరే రాసి ఎంపీ ఆఫీసుకు ఇవ్వాలి, రాసిపెట్టమని అడిగితే పని కాదు.

ఫైలు_నంబరు

సోదర నగరం సంగతి ఎవరూ చెప్పలేదు. దాన్ని దీనితో కలపకండి, దయచేసి. సోదర నగర ఒప్పందం ముసాయిదా కార్పొరేషన్ నుంచి పురపాలక శాఖకు, అక్కడినుంచి విదేశాంగ శాఖకు వెళ్లాలి. ఆ శాఖలో రాష్ట్రాల వ్యవహారాలు చూసే విభాగం 2014 నుంచి ఉంది. నెలలు కాదు, ఏళ్లు పట్టవచ్చు. పుణ్యక్షేత్రానికి దగ్గరి ఉదాహరణ వారణాసి, క్యోటో: 2014 ఆగస్టులో ప్రధాని జపాన్ పర్యటనలో సంతకాలయ్యాయి. అంటే రెండు ప్రభుత్వాలూ పైనుంచి దిగితే జరిగింది. ఢిల్లీ-బీజింగ్, బెంగళూరు-చెంగ్డూ ఒప్పందాలు కూడా 2013 అక్టోబరులో ప్రధాని పర్యటనలోనే కుదిరాయి. కింది నుంచి అడగవచ్చు, కానీ శాంతి తీర్మానాన్ని దానికి ముడిపెడితే రెండూ ఆగుతాయి.

డబ్బు దగ్గర జాగ్రత్త. సభ్యత్వం వచ్చాక సమావేశాలకు ఆహ్వానాలు వస్తాయి. విదేశీ సంస్థ ఖర్చుతో ప్రయాణం, బస అంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ) 2010 చట్టం 6వ సెక్షను కింద విదేశీ ఆతిథ్యం. ప్రభుత్వోద్యోగులు, రాజకీయ పార్టీల పదాధికారులు కేంద్ర హోం శాఖ ముందస్తు అనుమతి తీసుకోవాలి, ఎఫ్‌సీ-2 ఫారం ఆన్‌లైన్‌లో పెట్టాలి. కమిషనర్ మొదటి కోవలోకి వస్తారు, పార్టీ పదవి కూడా ఉన్న మేయర్ రెండో కోవలోకి. అధికారులకు విదేశాంగ శాఖ రాజకీయ అనుమతి అదనం. మీ బృందం కూడా కార్యక్రమానికి విదేశాల్లో ఉన్న మిత్ర సంఘాల నుంచి విరాళం తీసుకోవద్దు. ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు లేకుండా తీసుకుంటే నేరం. ఒక్క రసీదుతో మొత్తం పనికి మచ్చ వస్తుంది.

బడిగంట

బడుల్లో కార్యక్రమం గురించి రెండు మాటలు. హిరోషిమాలో బాంబు పడిన ఉదయం 8:15 మన సమయంలో తెల్లవారుజాము 4:45, నాగసాకి 11:02 అంటే మనకు 7:32. సరిగ్గా అదే నిమిషంలో మౌనం పాటించాలని పట్టుబడితే పిల్లలు రారు. ఉదయం ప్రార్థన సమయంలోనే పెట్టండి. ఫొటోల ప్రదర్శన పెడితే కాలిన శరీరాల చిత్రాలు అయిదో తరగతి లోపు పిల్లలకు చూపవద్దు. ఆ వయసుకు సదాకో ససాకి కథ, కాగితం కొంగలు సరిపోతాయి. సదాకోకు రెండేళ్లప్పుడు బాంబు పడింది, 1955లో పన్నెండేళ్లకు లుకేమియాతో చనిపోయింది. అది చెబితే రేడియేషన్ అంటే ఏమిటో పిల్లలే అడుగుతారు.

బాంబును తట్టుకున్న చెట్ల విత్తనాలు సభ్య నగరాలకు ఇస్తారు. ఆశ పడతారు, కానీ విదేశీ విత్తనానికి దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం రెండూ కావాలి. లేకుంటే క్వారంటైన్ దగ్గరే ఆగిపోతాయి. పైగా ఆ చెట్లలో ఒకటైన గింకో చల్లని దేశపు చెట్టు, తిరుపతి మే నెల ఎండకు నిలవడం కష్టం. కర్పూర చెట్టు కొంత నయం. మొదటి ఏడాది మన ఎర్రచందనం మొక్కే నాటండి.

పంచాయతీలకైతే అక్టోబరు 2న పెట్టుకోండి. 2007లో ఐక్యరాజ్యసమితి ఆ రోజును అంతర్జాతీయ అహింసా దినంగా ప్రకటించింది, గ్రామసభ కూడా ఆ రోజున పెట్టడం మామూలే. తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఎక్కిందో లేదో అక్కడే చూసి, సెక్రటరీ దగ్గర నకలు తీసుకోండి. జపాన్‌లో చిన్న గ్రామాలు కూడా సభ్యులే కాబట్టి సర్పంచ్ సంతకం చెల్లుతుంది.

కౌన్సిల్_అజెండా

నకళ్లు పంపేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంది, ముందే చెబుతున్నా. తిరుపతి, చిత్తూరు 2022 ఏప్రిల్ 4 నుంచి వేర్వేరు జిల్లాలు, కలెక్టర్లు వేరు. కానీ లోక్‌సభ నియోజకవర్గాలు పాత హద్దులతోనే ఉన్నాయి. చంద్రగిరి సెగ్మెంటు తిరుపతి జిల్లాలో ఉన్నా చిత్తూరు ఎంపీ కిందికి వస్తుంది. తిరుపతి రూరల్ మండలంలో ఉండే సభ్యులు ప్రశ్న ముసాయిదా ఇవ్వాల్సింది చిత్తూరు ఎంపీకి, టౌన్‌లో ఉండేవాళ్లు తిరుపతి ఎంపీకి. ఇద్దరికీ ఒకే ప్రశ్న ఇవ్వకండి. ఒకరికి నిరాయుధీకరణ వైఖరి మీద, ఇంకొకరికి నగరాలు అంతర్జాతీయ వేదికల్లో చేరడానికి ఉన్న మార్గదర్శకాల మీద ఇవ్వండి. ఆ రెండో జవాబు వస్తే, మొట్టమొదట కార్పొరేషన్‌కి ఏం సంబంధం అన్నవాళ్లకు చూపించడానికి కేంద్రం రాసిన కాగితమే చేతిలో ఉంటుంది.

కోర్లగుంట_చదువరి

అర్థమైంది. సోదర నగరం పక్కన పెడతాం, తీర్మానం ఆ నాలుగు వాక్యాలే. గ్రీమ్స్‌పేట అన్నా, చిత్తూరులో ప్రతిపాదకుడిని వెతికే పని మీరు చూడగలరా? ఒక పేజీ కాగితం ముసాయిదా రేపు ఇక్కడే పెడతాను, మామిడి గుజ్జు పేరా మాత్రం మీరే దిద్దాలి.